ఎస్తేరమ్మ చెప్పని మాట

మైకులు అద్దెకిచ్చేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ పట్టని సంగతి ఒకటుంది. మైకుకు వాసన ఉంటుంది. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వాసన దాని ముందుండే జాలీకి అంటుకుని మాతో పాటే ఇంటికొస్తుంది. లీడర్ల సభ నుంచి వచ్చిందంటే జర్దా, పెళ్ళి నుంచి వచ్చిందంటే సోంపు, బడి ఫంక్షన్ నుంచి వచ్చిందంటే చాక్లెట్లూ పిల్లల ఎంగిలీ. మర్నాడు జాలీ విప్పి, లోపలి స్పాంజిని సబ్బు నీళ్ళలో ముంచి ఆరబెట్టడం మా దుకాణంలో రివాజు. మొన్న బౌరంపేట్‌లో ఒక గేటెడ్ కాలనీ నుంచి వచ్చిన మైకు విప్పానో లేదో, లవంగం వాసన గుప్పుమంది. ఎవరు మాట్లాడారో ఏమో నాకు తెలియదు. ఆ స్పాంజిని పట్టుకుని మేడ్చల్‌లోని మా గోడౌన్‌లో, కుర్చీల దొంతర పక్కన అట్లాగే కూర్చుండిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పనివాళ్ళు "ఏమైందక్కా?" అని పరేషాన్ అయ్యారు. ఎస్తేరమ్మ గుర్తొచ్చిందంటే వాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళు ఈ మధ్యే పనిలో చేరారు, ఆమెను చూడలేదు. మీరూ చూడలేదు. అందుకే రాస్తున్నాను.

శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే ఒక బస్తీ ఉంటుంది. అక్కడి రేకుల చర్చి పాస్టరు గారి భార్య ఎస్తేరమ్మ. పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర తప్ప కట్టదు, ఆ చీర మడత నలిగితే మాత్రం ప్రాణం పోయినంత పని చేసేది. మాట్లాడే ముందు గొంతు కోసమని ఒక లవంగం బుగ్గన పెట్టుకునేది. చాయ్‌లో చక్కెర ఎంత పోసేదంటే, తాగినవాళ్ళకు ఆ పూట అన్నం దిగేది కాదు. ఊళ్ళో ముచ్చట్లన్నీ ఆమెకు కావాలి. ఆమెను దేవతను చేసి చెప్పడం నాకు చేతకాదు, చెబితే ఆమే ముందు నవ్వుతుంది.

నాకు ఆమె పరిచయమయ్యేనాటికి మా ఇల్లు అల్లకల్లోలంగా ఉంది. నాయినకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. టెంట్లు, కుర్చీలు, మైకుసెట్టు అన్నీ దుకాణంలో దుమ్ము పట్టి ఉన్నాయి. అక్కకు పెళ్ళయిపోయింది. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న నేను తాళాలు తీసుకున్నాను. తీసుకున్నానే గాని గిరాకీ ఏది? "ఆడివిల్ల నిచ్చెనెక్కి స్పీకర్లు గడుతదా?" అని నా మొహం మీదే నవ్వి, పక్క దుకాణానికి పోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున ఈ గంజి చీర మా దుకాణం మెట్లెక్కింది.

"మైకుసెట్టు ఇప్పుడు ఎవరు నడుపుతున్నరు బిడ్డా?"

"నేనేనమ్మా."

నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. "కరెంటంటే భయం లేదా?"

"ఉన్నది. ఉంటేనే మంచిదని మా నాయిన అంటుండె."

పకపకా నవ్వింది. "అయితే నువ్వే రావాలె. మా చర్చిల మూడు దినాలు కూటాలున్నయి. చీర మీద నిచ్చెనెక్కకు, డ్రెస్సేసుకొని రా."

అది నా మొదటి గిరాకీ. చర్చి ముందు షామియానా వేసి, వేదిక మీద ఒక మైకు, కింద పాటలు పాడేవాళ్ళ దగ్గర ఒక మైకు పెట్టాను. పాస్టరు గారు మెత్తని మనిషి, ఆయన ప్రసంగం బాగానే సాగింది. ఆ తర్వాత ఎస్తేరమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచింది. వెంటనే యాకోబు మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. ఆయన ఆ సంఘానికి పెద్ద. చర్చి గోడలు ఆయన తన చేతులతో కట్టినవే.

"సరూపా, ఇగ మైకు బంద్ జెయ్యి."

"ఎందుకు పెద్దయ్యా? సౌండ్ మంచిగలేదా?"

"మంచిగనే ఉన్నది. ఇప్పుడు అమ్మగారు మాట్లాడుతది. ఆడోళ్ళ సాక్ష్యానికి మైకు ఉండదు."

నాకు వాళ్ళ పద్ధతి అప్పుడు తెలియదు, తర్వాత తెలుసుకున్నాను. అక్కడ ఆడవాళ్ళు వేదిక ఎక్కకూడదు. వాక్యం బోధించకూడదు. కింద నిలబడి, దేవుడు తమకు ఏం మేలు చేశాడో చెప్పుకోవచ్చు, దాన్నే సాక్ష్యం అంటారు. దానికి మైకు ఉండదు. ఇది ఏ గ్రంథంలో ఉందో నాకు తెలియదు గాని, యాకోబు మేస్త్రి మనసులో మాత్రం గట్టిగా ఉంది. మీట ఆపాను. ఎస్తేరమ్మ వేదిక పక్కన మట్టిలో నిలబడి మొదలుపెట్టింది. నల్లా దగ్గర పక్కింటామెతో నీళ్ళ కోసం ఎట్లా కొట్లాడిందో, ఇంటికొచ్చి మోకాళ్ళూని ప్రార్థన చేయబోతే నోట మాట ఎట్లా రాలేదో, చివరికి సిగ్గు చంపుకుని వెనక్కి పోతే ఆ పక్కింటామె తన బిందె నింపి మూత పెట్టి ఉంచిందని చెప్పింది. వెనక వరసల్లో వాళ్ళకు వినబడక కుర్చీలు మోసుకుని ముందుకు జరిగారు. ఆమె ముగించేసరికి జనమంతా ఆమె చుట్టూ ఉన్నారు, వేదిక ముందు ఒక్కడూ లేడు.

సామాను సర్దుతూ అడిగాను. "మీకు కోపం రాదా అమ్మా? నాకైతే వైర్లు పీకేద్దామనిపించింది."

"ఎందుకు రాదు? కోపమొచ్చిన దినం రోట్ల కారం దంచుత. మా ఇంట్ల కారానికి ఎన్నడు కొదువ లేదు తియ్యి" అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ చర్చికి మైకు నాదే అయింది. ఆమె కూడా మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మా అమ్మకు మొదట్లో అనుమానమే. మతం మార్చడానికి వస్తోందేమోనని తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడేది. ఎస్తేరమ్మ అది పట్టించుకునే రకమా? లోపలికి వచ్చి నాయిన మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేది. "వదినా, మీ పటాల ముంగట్నే కూసొని ఒక ప్రార్థన జేసుకుంట, మీకేం ఇబ్బంది లేదుగదా?" అని అడిగి, అమ్మ తలూపాకే కళ్ళు మూసుకునేది. ఆ తర్వాత నాయినతో ముచ్చట. ఆయన మాట్లాడలేడు కదా, ఈమే మాట్లాడేది. అదీ అంతా తప్పుల తడక. "అన్నా, ఎర్ర వైరు, నల్ల వైరు రెండొక్కటేనట గదా? ఏది ఏడ గలిపినా మైకు పాడుతదట గదా?" అనేది. నాయిన మొహం ఎర్రబడేది. ఎడమ చెయ్యి ఆడించేవాడు. ఆమె ఇంకా రెచ్చగొట్టేది. నెలల తరబడి నోరు పెగలని మా నాయిన ఒకరోజు మంచం కోడు గుద్ది "కా... కాదు!" అని అరిచాడు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఎస్తేరమ్మ ఏమీ ఎరగనట్టు "చూడు వదినా, నన్ను తిడుతున్నడు" అంది. ఆ రోజు అమ్మ ఆమెకు చాయ్ ఇచ్చింది. ఆమె ఇంకో రెండు చెంచాల చక్కెర అడిగి వేయించుకుంది.

నేను ఆ మతంలో కలవలేదు, ఆమె ఎన్నడూ కలవమని అడగలేదు. ఆషాఢంలో నేను బోనమెత్తితే నా చీర కుచ్చిళ్ళు సరిచేసి పంపిన మనిషి ఆమె.

కొన్నేళ్ళకు పాస్టరు గారు గుండె ఆగి పోయారు. ఇంటికీ సంఘానికీ ఆమే దిక్కయింది. రోగుల దగ్గరికి పోవడం, తగాదాలు తీర్చడం, శుక్రవారం ఉపవాస ప్రార్థన నడపడం అన్నీ ఆమే. ఆదివారం వాక్యం కూడా ఆమే చెప్పేది, సాక్ష్యమన్న పేరుతో, కింద నిలబడి, మైకు లేకుండా. యాకోబు మేస్త్రి అందులో తప్పు వెతకలేదు. ఆయనకు ఆమె అంటే గౌరవమే. కాని ఒక్కటి మాత్రం ఆమెను ముట్టనివ్వలేదు, ప్రభు బల్ల. నెలకోసారి మొదటి ఆదివారం బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పెట్టి, యేసు చివరిసారి శిష్యులతో కలిసి తిన్న భోజనాన్ని తలచుకుంటూ అందరికీ పంచుతారు. వాళ్ళకు దానికి మించిన విందు లేదు. తమాషా ఏమిటంటే, ఆ రొట్టె చేసేది మొదటినుంచీ ఎస్తేరమ్మే. పిండి తడపడం ఆమె, పెనం మీద మాడకుండా కాల్చడం ఆమె, నల్లద్రాక్ష ఉడికించి వడగట్టడం ఆమె. తెల్లగుడ్డ కప్పి బల్ల మీద పెట్టడం కూడా ఆమే. దాన్ని విరిచి పంచడానికి మాత్రం పట్నం నుంచి ఒక పాస్టరు రావాలి. ఆయనకు ఇట్లాంటి సంఘాలు చాలా ఉన్నాయి. ఒక నెల వస్తే ఇంకో నెల రాడు. రాని రోజు యాకోబు మేస్త్రి లేచి "వచ్చే నెల" అనేవాడు, జనం లేచి పోయేవాళ్ళు. ఒకసారి నేను ఆమె వంటింట్లోకి పోయేసరికి, గుడ్డ కప్పిన ఆ రొట్టెను ముందు పెట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. "ప్రార్థన గాలే గదా, ఇది ఉత్త రొట్టెనే" అని తుంచి నోట్లో పెట్టుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

ఆ ఎండాకాలం యాకోబు మేస్త్రి తల్లి నర్సవ్వ మంచం పట్టింది. పండు ముసలిది. ఆ బస్తీలో మొట్టమొదట ఆ విశ్వాసంలోకి వచ్చిన మనిషి ఆమేనట. ఒక మధ్యాహ్నం ఎస్తేరమ్మ నాకు ఫోన్ చేసి, జల్దీ స్కూటీ తీసుకుని రమ్మంది. పోయేసరికి ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. "నర్సవ్వ బల్ల అడుగుతున్నదట. పా" అంది. మేము పోయేసరికి మేస్త్రి చెవి దగ్గర ఫోను పెట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పట్నం పాస్టరు బయలుదేరాడట, అల్వాల్ దాటాడట. లోపల నర్సవ్వ ఊపిరి బరువుగా తీస్తోంది, తెలివి మాత్రం బాగానే ఉంది.

"ఎస్తేరూ, నీ చేతిల ఏందది?"

"రొట్టె అవ్వా."

"పెట్టరాదూ మరి."

ఎస్తేరమ్మ మేస్త్రి వైపు తిరిగింది. "అన్నా, పెట్టమంటవా?"

ఆయన పెట్టమనలేదు, వద్దనలేదు. తల దించుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ ఫోను మోగితే బయటికి పోయాడు. ఎస్తేరమ్మ డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, తీయలేక అట్లాగే ఉండిపోయింది. చివరికి చెంచాతో నర్సవ్వ నోట్లో నీళ్ళు పోసింది. ముసలామె రెండు గుక్కలు మింగి, "నీళ్ళు గాదే పిచ్చిదానా" అని చిన్నగా నవ్వింది. పట్నం పాస్టరు కారు వచ్చి ఆగేసరికి ఆమె లేదు.

వెనక్కి వస్తుంటే ఎస్తేరమ్మ నా భుజం మీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. చెరువు దగ్గర బండి ఆపాను. "ఒక ముద్ద అడిగిందే సరూపా, చేతిల ఉండంగ పెట్టకపోతిని. ఇగ నేను ఊకోను, అడుగుత" అంది. ఆమె తన కోసం ఏదైనా అడుగుతాననడం నేను విన్నది ఆ ఒక్కసారే.

అడిగింది. బల్ల దగ్గర సేవ చేసే పాస్టరుగా తనను ఒప్పుకోమని సంఘాన్ని అడిగింది. బస్తీ అట్టుడికిపోయింది. తేల్చడానికి ఒక ఆదివారం సాయంత్రం మీటింగు పెట్టారు. షామియానా నాదే, మైకూ నాదే. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ముందు యాకోబు మేస్త్రి మాట్లాడాడు.

"నేను పెద్దగ సదువుకున్నోన్ని గాదు. రాసున్న మాట ఒక్కటే నాకు ఎరుక. ఆడది సంఘంల మౌనంగ ఉండాలె, మగోని మీద పెత్తనం జెయ్యొద్దని పౌలు రాసిండు. నాకు నచ్చలేదని గా మాట నేను తుడిపేస్తే, రేపు ఇంకోడొచ్చి ఇంకో మాట తుడిపేస్తడు. గప్పుడు మనకేం మిగులుతది?"

ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆడవాళ్ళలోంచి ఒక నడివయసు ఆమె లేచి, మైకు లేకుండానే అరిచింది. "యేసు సమాధి ఖాళీగున్నదని మగోళ్ళకు మొదలు జెప్పింది ఎవరు? ఆడోళ్ళు గాదా? ఆళ్ళు నోరు మూసుకొని ఇంటికి పోతే, ఇయ్యాల మీకు ఈ చర్చి ఏడిది?" సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది కూర్చోమని కేకలేశారు. ఆ అరుపుల మధ్య యాకోబు మేస్త్రే చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "చెల్లెను మాట్లాడనియ్యుండ్రి. సరూపా, మైకియ్యి."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఎస్తేరమ్మ చేతికి నా మైకు ఇవ్వబోతున్నాను. వంగి ఆమె చెవిలో అన్నాను. "అమ్మా, నర్సవ్వ ముచ్చట చెప్పుండ్రి. ఒక్క మాట. అందరు మీ దిక్కే అయితరు."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "గది నా ముచ్చట గాదు బిడ్డా. ఆయన తల్లి. ఆయన పుండు. దాన్ని పదిమందిల గెలికి నేను గెలిస్తే, ఇగ నేనేం పాస్టర్ని?"

మైకులో తన గొంతు తనకే వినబడి ఒక్కడుగు వెనక్కి వేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "నాకు వేదిక వద్దు, పేరు ముంగట ఏం రాయకున్నా మంచిదే. ఆకలైనోళ్ళకు పెట్టనియ్యుండ్రి అంటున్న, గంతే. మీరు వద్దన్నా నేను అలగ. వచ్చే బల్లకు రొట్టె నేనే జేస్త." అంతే, లవంగం వాసన అంటిన మైకు నా చేతిలో పెట్టి కూర్చుంది. యాకోబు మేస్త్రి ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఆమె ఏం చెబుతుందోనని ఆయన ఎంత బిగబట్టుకుని ఉన్నాడో నాకు అర్థమైంది.

చేతులెత్తమన్నారు. వద్దన్నవాళ్ళే ఎక్కువ. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. సామాను సర్దేటప్పుడు ఆమె మీద విరుచుకుపడ్డాను. "అంతా మీ వల్లనే! గెలిచే మాట నోట్లె పెట్టుకొని మూగదాని లెక్క కూసున్నరు!" అని అరిచాను. ఆమె నా వైపు చూసి, "మస్తు కోపమొచ్చింది గదా? పా, మా ఇంట్ల మిరపకాయలున్నయి, దంచుదువు" అంది. నవ్వుతూనే అంది గాని ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

తర్వాతి మొదటి ఆదివారం ఎప్పట్లాగే ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నాను. వేదిక మీద బల్ల, బల్ల మీద రొట్టె, పైన తెల్లగుడ్డ. పట్నం పాస్టరు రాలేనని ఫోన్ చేశాడు. యాకోబు మేస్త్రి లేచి మైకు ముందుకు వచ్చాడు. "వచ్చే నెల" అంటాడని జనం సంచులు సర్దుకుంటున్నారు. ఆయన అనలేదు. నిలబడ్డాడు, నిలబడ్డాడు, మైకు చెడిపోయిందేమోనని నేను మీటలు చూసుకున్నాను.

"మా అవ్వ పోయిన దినం బల్ల అడిగింది" అన్నాడు. "రొట్టె ఈ చెల్లె చేతిల ఉండె. పెట్టనా అన్నా అని నన్ను అడిగింది. నేను తలకాయ దించుకున్న. గా దినం మీటింగుల ఈ మాట చెల్లె చెప్తదనుకున్న, చెప్పలే. నా పరువు కాపాడింది. పౌలు మాట నాకు ఇప్పటికి గట్లనే కనబడుతది, నేను మారిననని అబద్ధం జెప్ప. గని మా అవ్వ ఆకలితోని పోయింది. ఎవరి వల్ల పోయిందో నాకు ఎరుకే."

మైకు వదిలేసి కిందికి దిగాడు. ఆడవాళ్ళ చాపల వైపు నడిచి, ఎస్తేరమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మైకు లేకపోయినా ఆ కొస నుంచి ఆయన మాట నాకు వినబడింది. "చెల్లె, అవ్వకు పెట్టనియ్యకపోతి. నాకు పెట్టు."

ఎస్తేరమ్మ లేచింది. వేదిక ఎక్కలేదు. "బల్లను కిందికి దించుండ్రి అన్నా" అంది. చర్చి కట్టిన ఆ మనిషే ఇంకొకరి సాయం పట్టి బల్లను దించి, జనం మధ్యలో పెట్టాడు. ఆమె గుడ్డ తీసి ప్రార్థన చేసి రొట్టె విరిచింది. కొంత పొడి చీర మీద రాలింది, ఆ గంజి చీర సంగతి ఆమె పట్టించుకోలేదు. మొదటి తుంపు మేస్త్రికి పెట్టింది. అరవై దాటిన మనిషి చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ తిన్నాడు. నేను మీట మీద చెయ్యి వేసుకుని, నాకు ఏమీ కాని ఆ దేవుడి ఇంట్లో వాళ్ళతో పాటు ఏడ్చాను.

అంతా సుఖాంతమైందని చెప్పలేను. కొన్ని కుటుంబాలు ఇంకో సంఘానికి పోయాయి, మళ్ళీ ఆమె ఇంటి ముందు నుంచి పోతూ కూడా పలకరించలేదు. పట్నం వాళ్ళు ఆమెను పాస్టరుగా ఎన్నడూ ఒప్పుకోలేదు. చర్చి బోర్డు మీద చివరిదాకా ఆమె భర్త పేరే ఉంది. ఆమె మాత్రం పోయినేడాది కన్ను మూసేదాకా నెలనెలా బల్ల దగ్గర నిలబడింది, ఆ బల్లను మళ్ళీ ఎవరూ పైకి ఎక్కించలేదు.

ఈ వ్యాపారంలో పోట్లాట లేని రోజు ఉండదు. ఎదుటివాడి ఇంట్లో జరిగిన చావో, వాడు దాచుకున్న సిగ్గో నా నాలుక కొసకు వచ్చేస్తుంది. ఒక్క మాట అంటే చాలు, నేను గెలుస్తానని తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు నా మణికట్టు ఎవరో పట్టుకున్నట్టు అవుతుంది. అది నా మాట కాదని నోరు మూసుకుని, ఓడిపోయి, తిట్టుకుంటూ ఇంటికి వస్తాను. ఆ మనిషి ఏదో ఒకరోజు తనంతట తానే వచ్చి ఆ మాట చెబుతాడని ఎదురుచూస్తాను. అందరూ రారు. చాలాసార్లు ఎవరూ రారు. కాని యాకోబు మేస్త్రి వచ్చాడు, నేను నా కళ్ళతో చూశాను.